అమ్మోలైటు మణియు మేడ్చలు శిలయు: జన్మస్థాన నామవిచారము

మణులకుఁ బేళ్లు వానిజన్మస్థానమునుబట్టి వచ్చునా, సంస్కారము జరిగిన తావునుబట్టి వచ్చునా యను ప్రశ్న నేఁటిది కాదు. పాణిని తద్ధితప్రకరణమున, నాలవ యధ్యాయపు మూఁడవ పాదమున 84వ సూత్రముచే, "విదూర" శబ్దమునుండి వైదూర్యశబ్దమును సాధించెను. "అచ్చటఁ బుట్టునది" యని యర్థము. దీనిపైఁ బతంజలి యొక శంకను గల్పించి విచారించెను. ఆ మణి విదూరమునఁ బుట్టదు. వాలవాయమను కొండయందుఁ బుట్టును. విదూరమున సాన పట్టఁబడి సంస్కరింపఁబడును. అట్టియెడ "విదూరమునఁ బుట్టినది" యనుట యెట్లు పొసఁగును? వర్తకులు వారాణసిని జిత్వరి యని వ్యవహరించునట్లు, వైయాకరణులు వాలవాయమునే విదూర మని వ్యవహరింతురని భాష్యకారుఁడు చెప్పిన సమాధానములలో నొకటి. హేమచంద్రుఁ డా మణికి వాలవాయజ మనియుఁ బేరు చెప్పియున్నాఁడు. అనఁగాఁ బుట్టిన కొండయు, మెఱుఁగు దిద్దిన యూరును రెండును నిఘంటువున నిలిచినవి.

ఈ భాష్యవిచారము ఇప్పుడు స్మరణకు వచ్చుటకుఁ గారణ మొక క్రొత్తమణి. అమ్మోలైటు అను పేర నది ఆభరణములలోఁ బొదుగఁబడుచున్నది. దానినిగూర్చి మూఁడు ప్రశ్నలు విచారింపఁదగియున్నవి. హైదరాబాదునకు ఉత్తరమున మేడ్చలు, శామీరుపేట ప్రాంతములవంటి రాతినేలలో నట్టిమణి దొరకునా? దానిని సాలగ్రామమనవచ్చునా? మన రత్నశాస్త్రమర్యాదచే నది రత్నమగునా? మొదటిది భూతత్త్వమునకు సంబంధించినది; రెండవది ఆచారమునకును శబ్దమునకును సంబంధించినది; మూఁడవది శాస్త్రమునకు సంబంధించినది. మూఁడును జేరి, కొనువాని సొమ్మును, కొలుచువాని నమ్మకమును గాపాడవలసిన విషయములు.

ముందుగా మణిస్వరూపము. సముద్రములలో నొకప్పుడు అమ్మోనైటులను జీవులుండెడివి. ఇవి నేఁటి నాటిలస్ అను జీవికి దూరబంధువులు. చుట్టచుట్టిన చిప్పలో నివసించునవి. సుమారు 40 కోట్ల యేండ్ల క్రిందటఁ దోఁచి, సుమారు 6 కోట్ల 60 లక్షల యేండ్ల క్రిందట నశించినవి. వీని చిప్ప అరగొనైటు అను సున్నపుద్రవ్యముతో నేర్పడినది. ముత్యపుచిప్ప లోపలి తళతళయు ఆ ద్రవ్యమువలననే కలుగును. సాధారణముగా నేలఁ బడి యుగములు గడచినకొలఁది అరగొనైటు నిలువక కాల్సైటుగా మాఱిపోవును. లేదా కరఁగిపోయి ముద్ర మాత్రము మిగులును. అందుచేతనే శిలాభూతమైన అమ్మోనైటులలోఁ జాలవఱకు వన్నెలేని రాళ్లే.

కెనడా దేశమున ఆల్బర్టా రాష్ట్రపు దక్షిణభాగమున మాత్రము వేఱొక సంగతి జరిగినది. ఉత్తర అమెరికాఖండమును నడుమఁ జీల్చి యొకప్పుడు సముద్రము పాఱెడిది. దాని యడుగున నేర్పడిన బేర్‌పా యను మట్టిపొరలలో, సుమారు 7 కోట్ల యేండ్ల క్రిందటి అమ్మోనైటులు బంకమట్టిచేఁ గప్పఁబడి, గాలియు నీరును జొరకుండ మూయఁబడినవి. చిప్పలోని యరగొనైటు చెడలేదు. పైబరువుచే నలిగి, పలుచని రేకులు రేకులుగా నొండొంటిపైఁ బేరుకొన్నది. ఆ రేకులపైఁ బడిన వెలుఁగు పైరేకునుండి కొంతయు, లోరేకునుండి కొంతయు మరలి వచ్చి, యొండొంటితోఁ గలసి రంగులను బుట్టించును. రేకు మందమైనచో నెఱుపును బచ్చయును, పలుచనైనచో నీలమును ఊదాయును గానవచ్చును. పలుచని రేకులు సులభముగాఁ జెడునవి గావున నీలవర్ణము గల తునకలు అరుదు. మాణిక్యపు టెఱుపు రాతిలోఁ గలసిన ద్రవ్యముచేఁ గలిగినది. ఈ మణి రంగు రేకుల కూర్పుచేఁ గలిగినది. నెమలిపింఛమునఁ గనఁబడు వన్నెయు నిట్టిదే. త్రిప్పి చూచినకొలఁది రంగు మాఱుట దీని లక్షణము.

ఇదియే అమ్మోలైటు. దీనిని ముఖ్యముగా నిచ్చు జాతులు ప్లాసెంటిసెరాస్ మీకీ, ప్లాసెంటిసెరాస్ ఇంటర్‌కలారే యనునవి. లెత్‌బ్రిడ్జి పట్టణమునకు సమీపమున సెయింట్ మేరీ నదీతీరమున నిది త్రవ్వఁబడుచున్నది. 1981లో అంతర్జాతీయ ఆభరణవర్తకసమాఖ్య దీనిని మణిగా నంగీకరించినది. 2004లో ఆల్బర్టా రాష్ట్రము దీనిని తన యధికారరత్నముగాఁ బ్రకటించినది. కావున మణిగా దీని వయస్సు అర్ధశతాబ్దికి మించదు; జీవావశేషముగా దీని వయస్సు కోట్లయేండ్లు.

పేరునుగూర్చి. ఈజిప్టుదేశీయులు పూజించిన అమ్మోను దేవునికిఁ బొట్టేలుకొమ్ములుండుననుట ప్రసిద్ధము. చుట్టచుట్టిన యీ శిల యా కొమ్మును బోలుటచే "అమ్మోనుకొమ్ము" అను పేరు లాటిను భాషలోఁ బుట్టెను. క్రీస్తుశకము మొదటిశతాబ్దిలో నున్న ప్లినీ, తన ప్రకృతిచరిత్రమున నిది బంగారువన్నె గలదనియు, ఇథియోపియాదేశపుఁ బవిత్రమణులలో నొకటి యనియు వ్రాసెను. ఆ యమ్మోనుశబ్దమునకే గ్రీకుభాషలో శిలావాచకమైన "లిథోస్" రూపాంతరము చేరి అమ్మోలైటు అయ్యెను. ఇంగ్లాండులో విట్బీ యను తీరపుఁ బట్టణమున జనులు దీనిని శిలగా మాఱిన సర్పమని తలఁచి, చుట్ట కొనయందుఁ బాముతల చెక్కి యమ్ముచుండిరి. ఆల్బర్టాలోని బ్లాక్‌ఫుట్ జాతివారు దీని తునకను "ఇనిస్కిమ్" అని పిలిచి, కాటకకాలమున అడవిదున్నల మందను రప్పించు మహిమ గలదిగా భావించిరి. ఒక్క శిలనే యొకరు కొమ్మనిరి, యొకరు పామనిరి, యొకరు వేఁటకుఁ దోడనిరి. దేశముమాఱినకొలఁది పేరు మాఱినది. చుట్టను జూచి విస్మయమందుట మాత్రము మాఱలేదు.

భారతదేశమున నీ చుట్ట చక్రమైనది. నేపాలదేశమున ముక్తినాథప్రాంతమునుండి పాఱు కాళీగండకీనది యొడ్డున దొరకు నల్లని గుండ్లలో చక్రచిహ్నములు గలవానిని సాలగ్రామములని విష్ణురూపమునఁ బూజించుట సర్వవిదితము. శాలవృక్షములకు సంబంధించిన గ్రామము సాలగ్రామము. ఊరిపేరు శిలకు వచ్చినది. ఇదియు వైదూర్యశబ్దమువలెనే స్థాననిబంధనమైన నామము. ఆ చక్రములు హిమవంతము పుట్టుటకు ముందు, ఆ తావున నున్న సముద్రములో జీవించిన అమ్మోనైటుల ముద్రలే. వీనిలోఁ జాలవానికి మొదటి చిప్ప పోయినది. నల్లనిమట్టి గట్టిపడి చుట్ట రూపము మాత్రము నిలిచినది. కొన్నింటిలోఁ బైరైటు అను లోహద్రవ్యము చేరుటచే లోపల బంగారువన్నె తోఁచును.

కాఁగా అమ్మోలైటును సాలగ్రామమనవచ్చునా? జీవజాతినిబట్టి చూచినచో రెండును జ్ఞాతులు. వ్యవహారమునుబట్టి చూచినచోఁ బరస్పరవిరుద్ధములు. సాలగ్రామము పూజార్హము. దానిని కోసి, సానపట్టి, పొదిగి యొడలఁ దాల్చుట యాచారములో లేదు. దాని క్రయవిక్రయములను బురాణములు నిందించినవి. తులసీదళముతో నింటిలో నుంచి, వంశక్రమమున నప్పగింపఁబడునది. అమ్మోలైటన్ననో కోయుటకును, అమ్ముటకును, తాల్చుటకును ఉద్దేశింపఁబడినది. రూఢ్యర్థమును విడిచి జాతిసామ్యముచేతనే యొకదాని పేరు మఱియొకదానిపై నుంచినచో శబ్దమునకు హాని. భక్తునికి అంతకంటె హాని. "రంగుల సాలగ్రామము" అని చెప్పి హారముల నమ్ముట జరిగినయెడల, నది వర్తకుని వాక్చాతుర్యమే కాని శాస్త్రము గాదు. పూజింపఁగోరినవాఁడు గండకీశిలనే పొందవలెను. తాల్చఁగోరినవాఁడు అమ్మోలైటని యెఱిఁగియే తాల్చవలెను.

ఇఁక మేడ్చలు విషయము. 2016 అక్టోబరు 11న రంగారెడ్డి జిల్లానుండి వేఱుపడి మేడ్చలు మల్కాజిగిరి జిల్లా యేర్పడినది. నాగపురమునకుఁ బోవు జాతీయరహదారిపై మేడ్చలును, కరీంనగరమునకుఁ బోవు రాజీవరహదారిపై శామీరుపేటయును ఉన్నవి. ఈ ప్రాంతమున నేవైపు చూచినను గుండుపై గుండు పేర్చినట్లున్న రాళ్లగుట్టలు కానవచ్చును. శామీరుపేట చెఱువుగట్టునుండి చూచినను, తూర్పున కీసరగుట్టవైపు సాఁగినను నదే దృశ్యము. ఇవి యెవ్వరును పేర్చినవి గావు. భూగర్భమునఁ గరఁగి చల్లారిన నల్లసానపురాయి, యనఁగా గ్రానైటు, నిలువునను అడ్డముగను బగుళ్లువాఱి, పగుళ్లలో నీరు చేరి, యంచులు మెత్తఁబడి, మెత్తనిమన్ను వానకుఁ గొట్టుకొనిపోఁగా మిగిలిన గట్టిభాగములు గుండ్లయినవి.

ఈ గ్రానైటు వయస్సు సుమారు 250 కోట్ల యేండ్లు. అమ్మోలైటు వయస్సునకు ముప్పదియైదు రెట్లు. అది చల్లారిననాఁటికి చిప్పగల జీవియే లోకమున లేదు. అంతేకాదు, కరఁగిన శిల చల్లారుటచే నేర్పడిన రాతిలో నేజీవియవశేషమును నిలువదు. జీవావశేషము నిలువవలెనన్న బురదయో, యిసుకయో, సున్నమో పొరలు పొరలుగాఁ బేరుకొనవలెను. కావున మేడ్చలు, శామీరుపేట గుట్టలలో అమ్మోనైటు దొరకుట యసంభవము. అచ్చటి రాతిలో మెఱయునది అభ్రకము, తెల్లనిది పలుఁగురాయి, గులాబివన్నె గలది ఫెల్స్‌పారు. బావి త్రవ్వునప్పుడు తళుక్కుమను రేకును జూచి రత్నమని మోసపోవువారును, మోసపుచ్చువారును ఈ మూఁడు పేళ్ల నెఱుఁగుట మేలు.

అట్లని తెలుఁగునేల యంతయు నట్టిది గాదు. పశ్చిమగోదావరి ప్రాంతపు రాఘవపురము షేలుశిలలలో అమ్మోనైటుల ముద్రలు దొరకినవి. గోదావరీతీరపుఁ బొరలనుగూర్చి విలియం కింగు వ్రాసిన గ్రంథము 1880లో భారత భూతత్త్వశాఖవారిచేఁ బ్రకటింపఁబడినది. రాజమహేంద్రవరమునకుఁ జేరువనున్న కాతేరు, గోదావరికి ఆవలిగట్టుననున్న పంగిడి యను గ్రామములయొద్ద, లావాపొరల నడుమ సముద్రపుఁజిప్పలు గల సున్నపుఁబొరలు కలవు. ఆ లావా దక్కనుపీఠభూమిని గప్పిన మహాప్రవాహములకుఁ జేరినది. వికారాబాదువైపు గల నల్లరేగడినేల క్రింది రాయియు నదియే. దాని కాలము సుమారు 6 కోట్ల 60 లక్షల యేండ్లు. అమ్మోనైటులు లోకమునుండి నశించిన కాలమును నదియే. హైదరాబాదునకుఁ బడమటనున్న నల్లరాతిపొర యొకవిధముగా ఆ జాతికిఁ గట్టిన సమాధియని చెప్పఁదగును.

దక్షిణమున అరియలూరు, తిరుచిరాపల్లి ప్రాంతములు అమ్మోనైటులకుఁ బ్రసిద్ధములు. వీనిని హెన్రీ బ్లాన్‌ఫర్డు, ఫెర్డినాండు స్టోలిష్కా యనువారు 1860 తరువాతి యేండ్లలో వర్ణించిరి. బ్లాన్‌ఫర్డు వర్ణించిన జాతులలో నొకదానిపేరు నేఁడు ప్లాసెంటిసెరాస్ తమూలికం. ఆల్బర్టాలో మణినిచ్చు ప్లాసెంటిసెరాస్ వర్గమునకే యిదియుఁ జేరినది. బీజ మొక్కటియే, ఫలము వేఱు. ఆల్బర్టామట్టి చిప్పను గాపాడినట్లు ఇచ్చటి మట్టి కాపాడలేదు. కావున మణికిఁ గారణము జీవి యొక్కటియే కాదు, జీవిని దాఁచిన మన్నునని యేర్పడుచున్నది. వాలవాయమున నేల విశేషమును బతంజలి యడుగలేదు. నేఁటి శాస్త్రమునకు ముందుగా నడుగవలసిన ప్రశ్న యదియే.

మూఁడవ ప్రశ్న: ఇది రత్నమా? నవరత్నములు తొమ్మిదియే యనియు, పదవది లేదనియు వాదించువారు కలరు. ఆ తొమ్మిదింటి లెక్క గ్రహములతో ముడివడినది. గ్రహములు తొమ్మిది గావున మణులును దొమ్మిది. కాని రత్నశాస్త్రము దానికంటె విశాలమైనది. వరాహమిహిరుఁడు బృహత్సంహితలోని రత్నపరీక్షయం దిరువదిరెండు రత్నములను లెక్కించెను. వానిలో ముత్యము, పగడము మాత్రమే గాక శంఖమును జేరియున్నది. అనఁగా ప్రాణిజమగుటచేత నేదియు రత్నత్వమును గోల్పోదు, చిప్పయగుటచేతను గోల్పోదు. ముత్యములకు శంఖము, పాము, ఏనుఁగు, వెదురు, మేఘము మొదలగు నెనిమిది జన్మస్థానములు చెప్పిన శాస్త్రమునకుఁ బ్రాణిజమణి వింతగాదు.

ఇఁకఁ గాంతి. ఉత్తమవజ్రమునకు మెఱుపు, అగ్ని, యింద్రధనుస్సు అనువాని పోలికను వరాహమిహిరుఁడు చెప్పియున్నాఁడు. పలురంగుల కాంతి దోషముగాక గుణముగానే గణింపఁబడెనని దీనివలనఁ దేలుచున్నది. కావున శాస్త్రమర్యాదచే అమ్మోలైటునకు రత్నశబ్దము తగును. నవరత్నములలోఁ జేర్చుట మాత్రము తగదు. దేని గ్రహమునకును దీనిని బ్రతినిధిగాఁ జెప్పు ప్రాచీనవచన ముండుటకు వీలులేదు. శాస్త్రకారుల కాలమున నీ మణియే తెలియదు. గ్రహశాంతికై దీనిని గొనుమని చెప్పువానిని, ఏశాస్త్రమున నున్నదని యొక్క ప్రశ్న యడిగిన చాలును.

వజ్రమునకును దీనికిని గల భేదము కాంతిలోఁ గాదు, కాఠిన్యములో నున్నది. మోసు అను పండితుని కాఠిన్యమానమున వజ్రము 10, నీలము 9, పలుఁగురాయి 7. అమ్మోలైటు సుమారు 4. వీధిధూళిలో పలుఁగురాతి రేణువులుండును గావున నుత్తరీయముతోఁ దుడిచినను దీనికి గీఁతలు పడఁగలవు. మెఱుఁగు దిద్దిన పిమ్మటఁ బొర మందము మిల్లీమీటరులో నైదవవంతు మాత్రముండుట కలదు. అందుచే దాని క్రింద నల్లని రాతిపలకను, పైన స్పినెలు లేక పలుఁగురాతి కప్పును జేర్చి, మూఁడుపొరల మణిగాఁ జేయుట వాడుక. ఇది మోసము గాదు, రక్షణము. మూఁడుపొరలదానిని ఏకశిలయని చెప్పి యా వెల పుచ్చుకొనుట మాత్రము మోసము. ప్రక్కనుండి, యంచువైపు చూచినచోఁ బొరల కూడిక తెలియును. వెనుకవైపు మూసి పొదిగిన నగలో నిది తెలియదు గావునఁ బొదుగుటకు ముందే చూచుట యుచితము.

కంసాలికిని గొన్ని జాగ్రత్తలు చెప్పవలసియున్నది. తెలంగాణమున అవుసులవారు బంగారునగను జింతపండురసమునఁ గడిగి మెఱుఁగు తెచ్చుట చిరకాలపు వాడుక. వజ్రమునకు దానివలన బాధ లేదు. ముత్యమునకును, అమ్మోలైటునకును పులుసు శత్రువు, సున్నపుద్రవ్యమును దినివేయును. నిమ్మరసమును నట్లే. ఊదుగొట్టపుమంట తగిలినచోఁ బొర చిట్లును. కావున బంగారుపని, అతుకుపని యంతయు ముగిసి, నగ చల్లారినపిమ్మటనే మణిని గూర్చి, చుట్టును బంగారుగట్టును మెల్లగా నొత్తవలెను. ఉంగరముకంటె పతకమునకును, చెవికమ్మకును ఇది తగినది. చేయి తగులునన్ని వస్తువులు ఱొమ్మునకును జెవికిని దగులవు. ముత్యములకు శతాబ్దములుగా ఆటపట్టయిన హైదరాబాదు పనివారలకు ఈ నియమములు క్రొత్తవి గావు. ముత్యమును గాపాడు చేతికి అమ్మోలైటును గాపాడుట కష్టము గాదు. రెండింటి ద్రవ్యమును నొక్కటియే.

చివర పేరు మాట. క్రొత్తవస్తువునకు సంస్కృతపదమును గల్పించుట కొందఱకు వేడుక. ఇంద్రధనుర్మణి యన్నచో ఓపలు మొదలగు రంగులుమాఱు మణులన్నిటికిని జెల్లును, అతివ్యాప్తి. శంఖమణి యన్నచో శంఖము వేఱు, అమ్మోనైటు వేఱు, భ్రాంతి. సాలగ్రామమణి యన్నచో దోషము ముందే చెప్పఁబడినది. తెలుఁగు అన్యదేశ్యపదములను దనలోఁ జేర్చుకొనుటకు వెనుకాడిన భాష గాదు. కావున నుకారాంతరూపమైన వస్తువాచకముగా "అమ్మోలైటు" అనియే యుంచుట మేలు. పేరులోనే పుట్టుక యున్నది, కొనువాఁడు మోసపోఁడు.

వైదూర్యమునకు విదూరము పేరిచ్చినది. కొండ మణి నిచ్చినది. ఆ పేరు చెల్లుటకుఁ గారణము విదూరపుఁ బనివారు మణిని దమదిగాఁ జేయఁగల నేర్పు గలవారగుటయే. మేడ్చలు, శామీరుపేట శిలలు అమ్మోలైటును గనఁజాలవు, మన్ను అట్టిది. అచ్చటి పనివాఁడు దానిని జక్కఁగాఁ బొదిగినచో నా కీర్తి యతనిది. పుట్టుకను మాత్రము ఆల్బర్టాకే విడిచి, పనితనమును దనదిగాఁ జెప్పుకొనుట వర్తకధర్మము. భాష్యకారుఁడు విడిచిన మార్గమును నదియే.